మడమ కింది మచ్చ

యలమందయ్య ఆరోగ్య కేంద్రానికి వచ్చేసరికే చావుకు సిద్ధపడి ఉన్నాడు. వీపు మీద ఉసిరికాయంత నల్లటి పులిపిరి. అది క్యాన్సరేనని ఊళ్లో ఎవరో అన్నారట. నాలుగు రోజులుగా మనిషికి ముద్ద దిగడం లేదని భార్య వెంకటేశ్వరమ్మ కళ్లొత్తుకుంది.

నర్సు దేవకుమారి అతన్ని కిటికీ వెలుతురులోకి జరిపి చూసింది. మైనం అద్దినట్టుంది, అంచు తీరుగా ఉంది. పదేళ్లుగా అలాగే ఉందన్నాడు. డాక్టరు శ్రీకృష్ణ కూడా చూసి, "వయసుతో వచ్చేదే పెద్దాయనా. ఏం కాదు, హాయిగా ఇంటికెళ్లు" అన్నాడు.

యలమందయ్య మొహం విప్పారింది. బల్ల దిగి చెప్పు తొడుక్కోబోతూ కాలెత్తాడు. మడమ కింద రూపాయి బిళ్లంత మచ్చ దేవకుమారి కంటపడింది.

"ఇదేంటండీ?"

"తుమ్మముల్లు దిగిందిలే అమ్మాయ్. నొప్పా, పాడా."

"వినాయక చవితికి కందిగింజంతే ఉండేది" అంది వెంకటేశ్వరమ్మ.

దేవకుమారి కింద కూర్చుని తడిదూదితో పాదం తుడిచింది. మట్టి పోయింది, మచ్చ పోలేదు. ఒక పక్క బొగ్గు నలుపు, ఒక పక్క గోధుమ రంగు. అంచు తడికాగితం మీద సిరా పాకినట్టుంది. పదేళ్లు మారనిది వేరు, ఐదు నెలల్లో ఇంతైంది వేరు.

"సార్, ఒక్కసారి ఇటు చూడండి."

"ముల్లు దిగి రక్తం గడ్డకట్టి ఉంటుంది సిస్టర్."

"రక్తమైతే ఈపాటికి పోవాలి కదండీ, పెరుగుతుందా? వంగి చూడండి సార్!"

పదిహేనేళ్ల ఉద్యోగంలో ఆమె డాక్టరు ముందు గొంతు పెంచడం అదే మొదలు. శ్రీకృష్ణ వచ్చాడు, వంగాడు, మచ్చ అంచు వెంట వేలు పోనిచ్చి చూశాడు. తర్వాత గుంటూరు పెద్దాసుపత్రికి చీటీ రాశాడు.

"మిరపకోతలున్నాయి, ఇప్పుడెట్టా కుదురుద్ది?" అన్నాడు యలమందయ్య.

"పొద్దున్నే మొదటి బస్సుకి నేనూ వస్తున్నా. మీరు ఎక్కకపోతే చేలోకే వచ్చి కూర్చుంటా."

ఎక్కాడు. పరీక్షలో క్యాన్సరని తేలింది. లోతుకి పోలేదు. మచ్చనీ దాని చుట్టూ చర్మాన్నీ తీసేసి, తొడ చర్మం తెచ్చి అతికారు. మూడేళ్లు గడిచినా అది మళ్లీ తలెత్తలేదు.

అంతకు ముందే, ఆపరేషనైన ఏడాదికి, మండలంలోని నర్సులందరి సమావేశంలో శ్రీకృష్ణ లేచి నిలబడ్డాడు. "నేను వీపు చూసి ఆగిపోయాను. సిస్టర్ పాదం దాకా చూశారు" అన్నాడు. హాలంతా చప్పట్లు మోగాయి. దేవకుమారి సిగ్గుపడలేదు, తల దించుకోలేదు. లేచి ముందుకెళ్లి సుద్దముక్క అందుకుంది. నల్లబల్ల మీద అంచు తీరుగా ఉన్న మచ్చ ఒకటి, అంచు పాకిన మచ్చ ఒకటి గీసి, "ఇది చూస్తే ధైర్యం చెప్పి పంపండి. ఇది చూస్తే మాత్రం వదలొద్దు" అంటూ పాఠం మొదలుపెట్టింది.