పురిటి దిండు కింది కత్తి

నేను ఒక పురిటి కత్తిని. కోయడానికి పుట్టలేదు, పడుకోవడానికి పుట్టాను. బాలింత దిండు కింద, పసిగుడ్డు తలాపున, గాలీ ధూళీ సోకకుండా ఒక ఇనుప ముక్క ఉండాలని మా ఊరివాళ్ళ నమ్మకం. కొందరు కొడవలి పెడతారు, కొందరు తాళంచెవుల గుత్తితో సరిపెడతారు. మా కనకాచారి కమ్మరి. కూతురి పురిటికి ఇంట్లో ఉన్న పాత ఇనుము ఏదో ఒకటి పెట్టడం ఆయనకు నామోషీగా తోచింది.

అంతకుముందు జన్మలో నేను లారీ కింద కమానుపట్టీని. ఎందరి సిమెంటు బస్తాలు, ఎందరి పెళ్ళి సామాన్లు నా వీపు మీదుగా పోయాయో లెక్కలేదు. బండి గుంతలో పడ్డప్పుడల్లా డ్రైవరు రోడ్డు వేసినవాణ్ణి తిట్టేవాడే గానీ నా నడుం సంగతి ఏనాడూ అడగలేదు. చివరికి విరిగి పాత ఇనుప దుకాణంలో పడ్డాను. అక్కడికి వచ్చిన కనకాచారి నన్ను రాయి మీద కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"దీంట్ల ఇంకా పాణం ఉన్నది" అన్నాడు దుకాణంవాడితో.

మనుషుల్లో ఇదొక వింత. తమ ప్రాణం ఎప్పుడు పోతుందో తెలియదు గానీ ఇనుములో ప్రాణం ఉందో లేదో చెప్పేస్తారు.

ఆయన కూతురు సులోచన నెలలు నిండి పుట్టింటికి వచ్చి ఉంది. ఆ పిల్లకు కొలిమి కొత్త కాదు. తల్లి పోయిన ఏడాది బడి మానేసి తండ్రి పక్కన కూర్చుని గాలిపంకా తిప్పింది. పెళ్ళయ్యేదాకా అదే పని. ఇప్పుడు పొగ తగలకూడదని గుమ్మం అవతలే కూర్చోబెట్టాడు గానీ నోరు ఊరుకుంటుందా?

"నాయినా, తెల్లగ కానియ్యకు. మాడిపోతది."

"నాకు నేర్పుతున్నవా?"

"నువ్వు నేర్చుకోకపోతివి, ఏం జేయాలె మరి!"

ముసలాయన నవ్వుతూనే సమ్మెట దించాడు. దాగలి మీద నన్ను పెట్టి, మడిచి, సాగదీసి, మళ్ళీ నిప్పులో పెట్టి, మళ్ళీ కొట్టాడు. లారీ కింద అన్నేళ్ళు తిన్న దెబ్బలు ఒక ఎత్తు, ఇవి ఒక ఎత్తు. అవి నన్ను వంచడానికి తగిలాయి. ఇవి నాకో ముఖం ఇవ్వడానికి తగిలాయి. ఎర్రగా ఉన్న నన్ను నీళ్ళ తొట్టిలో దించినప్పుడు నేను పెట్టిన అరుపుకు సులోచన పొట్ట పట్టుకుంది.

"తన్నింది నాయినా! లోపల జడుసుకున్నది."

"జడుసుకోలే. మెచ్చుకున్నది."

సాన పట్టి, చింతకర్ర పిడి బిగించి, పసుపు రాసి ఆయన నన్ను కూతురి ముందు పెట్టాడు. ఆ రోజు నాకు లోకం మీద ఏ ఫిర్యాదూ లేదు.

లోకం మాత్రం అప్పటికే చెయ్యిదాటిపోయింది. ఆకాశం నుంచి వాళ్ళు వచ్చారు. వాళ్ళకు వాళ్ళు పెట్టుకున్న పేరేమిటో ఎవరికీ నోరు తిరగలేదు. మా ఊళ్ళో వాళ్ళను ‘దిగినోళ్ళు’ అన్నారు, అదే నిలిచింది. పట్నాలలో యుద్ధం జరిగిందట. అది మొదలైన కబురు మా ఊరు చేరేలోపే ముగిసిన కబురు కూడా వచ్చింది. తర్వాత దిగినోళ్ళు పంచాయతీ ఆఫీసు ముందు పెద్ద తొట్టి దించి, ఊళ్ళో పదును ఉన్నదేదైనా తెచ్చి అందులో వేయమన్నారు. వాళ్ళ తరఫున ఒక పెట్టె మాట్లాడేది. రేడియోలో వార్తలు చదివినట్టు స్వచ్ఛమైన తెలుగు.

కొడవళ్ళు, గొడ్డళ్ళు, కత్తిపీటలు, కల్లుగీత కత్తులు, మంగలి కత్తి అన్నీ తొట్టిలో పడ్డాయి. ఊరు ఊరంతా ఉల్లిగడ్డలు పిడికిలితో గుద్ది కూరలో వేసుకుంది. పండిన వరిని దుబ్బులతో సహా చేత్తో పీకింది. కనకాచారి తన చేతులతో చేసినవాటినే ఇంటింటి నుంచీ మోసుకుపోయి తొట్టిలో వేశాడు. ఒక్క నన్ను తప్ప.

ఎందుకంటే ఆ ఉదయమే సులోచనకు ఆడపిల్ల పుట్టింది. కాన్పు చేసిన పోశవ్వ బొడ్డు కోసి, పిల్లను తుడిచి, నన్ను దిండు కింద పెట్టింది. ఇరవై ఒకటో రోజు పేరు పెట్టేదాకా అక్కడి నుంచి కదపకూడదు. కదిపితే పిల్లకు కీడు. ఈ మాట కాదనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు, ఆకాశం నుంచి దిగినవాళ్ళంటే ఎంత భయమున్నా సరే.

సులోచనకు ఆ పిల్ల తప్ప వేరే ధ్యాస లేదు. ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. తాగింది కక్కితే భయం, కక్కకపోతే భయం. ఎక్కువసేపు నిద్రపోతే అరికాలు గిల్లి లేపేది. పిల్ల కేరుమంటే అప్పుడు తృప్తిగా ఏడుపు మాన్పేది. భర్త లింగమూర్తి ఆటో నడిపేవాడు. నడపడానికి దారులు లేక మామ ఇంట్లోనే ఉండి భార్యను ఎగతాళి చేసేవాడు.

"అది పడుకున్నా ఏడుస్తవు, లేచినా ఏడుస్తవు. నీకంటే అదే నయం, ఆకలైతేనే ఏడుస్తది."

"నీకేం, కన్నవా పెట్టినవా? నా పాలు లేకుంటే అది బతుకుతదా చెప్పు."

ఊళ్ళో ఆవులూ గేదెలూ లేవు. దిగినోళ్ళు వాటినీ తీసుకుపోయారు. ఆ పిల్లకు ఉన్నదల్లా ఆ తల్లే.

ఇనుము వాసన పట్టే యంత్రం ఏదో వాళ్ళ దగ్గర ఉన్నట్టుంది. పేరు పెట్టే రోజు ఇంకా రాకముందే ఒక మధ్యాహ్నం ముగ్గురు మా వాకిట్లోకి వచ్చారు. దూలమంత పొడుగు, తడిసిన నాపరాయి లాంటి చర్మం, రెండేసి మోచేతులున్న చేతులు. ముందున్నవాడు అరచేయి చాపాడు.

"ఈ గృహమున ఒక ఆయుధము కలదు. అప్పగించవలెను" అంది పెట్టె.

పోశవ్వ అరుగు మీంచి లేచింది. "ఆయుధం కాదు సారూ, పిల్ల తలాపుది. అయినా ఊరందరిదీ ఇచ్చి ఆ ఒక్కటి దాస్తివేందయ్యా కనకయ్యా? నీ పెద్దరికం తగలెయ్య!"

సులోచన నన్ను దిండు కింది నుంచి తీసింది. వీళ్ళకు కోపం రాకుండా ఇది ఇచ్చేసి పంపించాలి, పిల్ల జోలికి రాకుండా చూసుకోవాలి, అంతే ఆమె ఆలోచన. వాకిట్లోకి వచ్చి, పమిట చెంగుతో నన్ను తుడిచి, చాపిన ఆ అరచేతి వైపు నన్ను అందించబోయింది.

"చేతికియ్యకు బిడ్డా!" అన్నాడు కనకాచారి కంగారుగా. "కత్తి చేతికిస్తే పగలైతయి. కింద పెట్టు, వాళ్ళే తీసుకుంటరు."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమెకు తెలిసిన మర్యాదే. ఉప్పు, కారం, కత్తి ఎవరికీ చేతికి చేయి ఇవ్వరు. కింద పెడితే అవతలివాళ్ళు తీసుకుంటారు, ఇద్దరి మధ్యా గొడవ రాదు. భయంలో మరిచిపోయినందుకు నాలుక కరుచుకుంది. వంగి, పిడి వాళ్ళ వైపు ఉండేట్టు, మొన తన వైపు ఉండేట్టు, నన్ను వాళ్ళ కాళ్ళ ముందు మట్టిలో పెట్టింది.

ముందున్నవాడు చాపిన చేయి వెనక్కి తీసుకున్నాడు. పెట్టె అడిగింది. "తీయునది మీరా, మేమా?"

"మీరే తీసుకోండ్రి సారూ" అంది సులోచన, చేతులు జోడించి.

ఆ మాటతో అయిపోయింది. ఇక్కడికి, వాళ్ళ ఓడలోకి వచ్చాక, ఆ పెట్టె చెప్పే మాటలు వినీ వినీ నాకు తెలిసిన సంగతి ఇది. వాళ్ళలో లొంగినవాడు కత్తిని చేతిలో పెడతాడు. ఎదుటివాడి కాళ్ళ ముందు నేల మీద, పిడి అతని వైపు తిప్పి పెట్టాడంటే పోరుకు రమ్మని పిలిచినట్టు. నువ్వే తీసుకో అన్నాడంటే ఇద్దరిలో ఒక్కరే మిగలాలని అర్థం. ఇన్ని ఊళ్ళు తిరిగినా తొట్టిలో విసిరేసినవాళ్ళే తప్ప ఒక్క మనిషీ వాళ్ళను అలా పిలవలేదట. మొదటిసారి పిలిచింది పచ్చి బాలింత.

ముందున్నవాడు వంగి నన్ను తీశాడు. తర్వాత ముగ్గురూ తలలు వంచారు. అది చూసి సులోచన, కోపం పోయిందనుకుని, నవ్వింది. పోశవ్వ కూడా "మంచోళ్ళే పాపం" అంది. వెనకున్న ఇద్దరూ చెరోపక్కా వచ్చి సులోచన భుజాలు పట్టుకున్నప్పుడు కూడా అందులో మొరటుతనం లేదు. ఎంతో గౌరవంగా పట్టుకున్నారు.

"ఏడికి తీసుకపోతుండ్రు? సారూ! పిల్లకు పాలియ్యాలె!" లింగమూర్తి పిల్లను ఎత్తుకుని వెంటపడ్డాడు. కనకాచారి కొలిమిలోకి పరుగెత్తి సమ్మెట తెచ్చాడు. దాన్ని ఎత్తే లోపు ఎవరో తోసినట్టు ఆయన వాకిట్లో కూలబడ్డాడు. వాళ్ళ వాహనం లోహపు తలుపు మూసుకుంటుంటే పిల్ల ఏడుపు వినిపించింది. తర్వాత అదీ లేదు.

పైన వాళ్ళ ఓడలో గుండ్రని బరి ఉంది. చుట్టూ మెట్ల మీద జనం. బరి మధ్యలో నన్ను పెట్టారు. నన్ను తీసినవాడు ఒకవైపు, సులోచన ఒకవైపు. అతనికి తనదైన కత్తి ఉంది. జరుగుతున్నదేమిటో అప్పుడు ఆమెకు అర్థమైంది. జాకెట్టు అప్పటికే పాలతో తడిసి ఉంది.

"ఇది తప్పు సారూ. మేం గొడవ రావొద్దనే కింద పెట్టినం" అని చెప్పింది. పెట్టె ఆ మాటను వాళ్ళ భాషలోకి తిప్పింది. ఏమని తిప్పిందో గానీ మెట్ల మీద జనం మరింత ఉత్సాహపడ్డారు.

ఇక ఆమె నన్ను తీసింది. మనుషుల గురించి ఎన్ని మాటలన్నా, ఆ చేయి నన్ను పట్టుకున్న పట్టు మాత్రం నేను మరచిపోలేను. ఎక్కడ బరువుందో, ఎక్కడ పదునుందో కొలిమి పక్కన పెరిగిన ఆ చేతికి చెప్పనక్కర్లేదు. పోట్లాట ఆమెకు రాదు. ఇంటికి పోవాలని మాత్రం వచ్చు. పచ్చి పురిటి ఒంటి నుంచి నెత్తురు కారుతుంటే, కేకలు పెడుతూ, కిందపడి లేస్తూ, అతని చేతి కిందుగా దూరింది. అతని రెండో మోచేయి నా అంచుకు తెగింది. సున్నపు నీళ్ళ లాంటిది చిందింది. అతను మోకాళ్ళ మీద కూర్చుని తల వంచాడు. మెట్ల మీదంతా రేకుల మీద వాన పడ్డట్టు చప్పుడు.

సులోచన నన్ను పట్టుకుని తిన్నగా తలుపు దగ్గరికి పోయి నిలబడింది.

"గెలిచిన కదా. ఇగ పంపండ్రి."

"గెలిచినవారిని పంపివేయుట వారికి అవమానము" అంది పెట్టె. "మీరు మాతో ఉందురు."

గెలిస్తే పంపుతామని ఎవరూ అనలేదు. ఆమే అనుకుంది.

తర్వాత వాళ్ళకు నా మీద పడింది మోజు. నాలాంటి ఇనుమే కరిగించి, నాలాంటి ఆకారమే పోసి చూశారు. వంచితే అవి విరిగాయి. నేను వంగి మళ్ళీ నిలబడ్డాను. ఇదెలా చేస్తారని సులోచనను అడిగారు. ఎన్నో రోజుల తర్వాత ఆమె ముఖంలో ఒక వెలుగు చూశాను.

"నోటితోని చెప్పరాదు. మా నాయిన కొలిమి కాడ అయితేనే చేసి చూపిస్త. అక్కడికి తీసుకపోండ్రి. నా కళ్ళ ముందట పిల్లుంటే ఎన్నంటే అన్ని చేసిస్త."

వాళ్ళు ఒప్పుకున్నట్టే తల ఊపారు. ఆమె జడ వేసుకుంది. ముఖం కడుక్కుంది. పిల్ల ఇప్పుడెంత ఉంటుందో చేతులతో గాలిలో కొలిచి, నాకే చూపించింది.

కొన్నాళ్ళకు తలుపు తెరుచుకుంది. కొలిమినే తెచ్చారు. దాగలి, సమ్మెటలు, గాలిపంకా, నీళ్ళ తొట్టి, మసి పట్టిన గోడ, బొగ్గులు, చివరికి గుమ్మం దగ్గర ఆమె కూర్చున్న రాయితో సహా, మట్టి రాలకుండా పెకలించి తెచ్చి మేమున్న హాల్లో దించారు. సులోచన సమ్మెట పిడి తడిమింది. పంకా వెనక వంగి చూసింది. ఆ మూల వెతికింది, ఈ మూల వెతికింది.

"నాయినేడి? పిల్లేది?"

"వారి అవసరము రాలేదు" అంది పెట్టె.

అవసరం రాలేదంటే బతికున్నారనా, లేరనా? ఆ మాట ఆమె ఎన్నిసార్లు అడిగినా పెట్టె అదే జవాబు అదే గొంతుతో చెప్పింది. కొలిమిని ఆమె ముట్టించలేదు. వాళ్ళు బలవంతపెట్టలేదు. దాన్ని అలాగే ఉంచి, పక్కన గూట్లో నన్ను పెట్టి, చూడటానికి జనాన్ని రానిస్తున్నారు. యోధురాలు, ఆమె కత్తి, అది పుట్టిన నిప్పు. రోజూ మెత్తని గుడ్డతో నన్ను తుడుస్తారు. తుప్పు కూడా పట్టనివ్వరు.

మొదట్లో ఆమె గోడ వైపు తిరిగి పాలు పిండేసేది. నేల మీద ఆ మరకలను వాళ్ళు ఏమనుకున్నారో, చుట్టూ గీత గీసి పెట్టారు. తర్వాత తర్వాత పాలు తగ్గాయి. ఒకరోజు ఎంత పిండినా రాలేదు. ఆ రోజంతా ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మొన్న ఒకరు తమ పిల్లను తీసుకుని వచ్చారు. వాళ్ళ పిల్లలు మన మేకపిల్లంత ఉంటారు. పెద్దవాళ్ళు పెట్టె చెప్పే వీరగాథ వింటుంటే ఆ పిల్ల గూటి దగ్గరికి జారి, మెరుస్తున్న నా అంచు మీదికి వేలు చాపింది.

"ఏయ్, ముట్టకు బిడ్డా! తెగుతది!"

సులోచన కొలిమి దాటి ఒక్క ఉరుకున వచ్చి నన్ను గుంజుకుంది. పిల్ల బెదిరి వెనక్కి పడింది. తర్వాత అందరి తలలూ వంగాయి, రేకుల మీద వాన మొదలైంది. "యోధురాలు నేటికినీ జాగరూకురాలై ఉన్నది" అని ప్రకటించింది పెట్టె.

పిల్ల ఏడుపు అందుకుంది. వాళ్ళ భాష వేరు, గొంతు వేరు. ఏడుపు మాత్రం ఏ పసిపిల్ల ఏడుపైనా అలాగే ఉంటుంది కాబోలు. సులోచన జాకెట్టు తడిసింది.

ఆమె రెండు చేతులూ ఛాతీకి అడ్డం పెట్టుకుంది. వాళ్ళు ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుని వెళ్ళిపోయారు. కాపలావాడు ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పి నన్ను తీసుకుని, పిడి మీది తడిని శుభ్రంగా తుడిచి, గూట్లో పెట్టాడు.