అట్ట మీద పులస

నా నోటికి అదుపు లేదని మా అమ్మ ఎప్పుడూ గోల. ఆ రోజు ఆ నోరు లోవరాజు చదువు మీదికే వచ్చింది.

2008 ఏప్రిల్. భీమవరంలో మా ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు పరీక్ష. నేనూ లోవరాజూ కలిసి రెండు ఫోన్ల ఆట తయారుచేశాం. ఫోన్ గుర్తుపట్టేందుకు అట్ట మీద నల్లచట్రం బొమ్మ అతికించాం. ఫోన్ కెమెరాతో దాన్ని చూస్తే, తెర మీద ఆ అట్టపైనే పులస ఈదుతుంది. నేనొక్కదాన్నే వల వేస్తే బ్లూటూత్‌లో అతని ఫోన్‌లోకి పారిపోతుంది. ఇద్దరం ఒకేసారి వేస్తేనే చిక్కుతుంది.

పరీక్ష చేయడానికొచ్చిన జగన్నాథరావు గారి ముందు ఫోన్లు ఎత్తాం. తెర మీద బల్ల ఉంది, అట్ట ఉంది. చేప లేదు.

"ఏంటమ్మా, ఫోటో తీస్తున్నారా?" అన్నారాయన.

పొద్దున ఏడింటికి మా ఇంట్లో బంగారంలా ఈదిందే! బస్సులో కోడ్ మార్చానని లోవరాజు అన్న మాట గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది.

"ముట్టుకోవద్దని చెప్పానా లేదా? సార్, ఇతనే పాడుచేశాడండి!"

"చేప వేగం తగ్గించానంతేనండి," అన్నాడు లోవరాజు. మొహం పాలిపోయింది.

"పది నిమిషాలిస్తాను. అప్పటికీ ఆడకపోతే, పాడుచేసినవాడు వచ్చే ఏడాది మళ్లీ రావాలి," అన్నారాయన, పెన్ను మూత తీస్తూ.

లోవరాజు గబగబా పాత కోడ్ ఎక్కించాడు. అయినా చేప రాలేదు. అంటే తప్పు అతనిది కాదు.

అప్పుడు చూశాను అట్టని. నల్లచట్రం నాలుగు మూలలా పచ్చటి చుక్కలు. పొద్దున బయల్దేరబోతూ దేవుడి గదిలో పసుపు బొట్లు పెట్టింది నేనే! చట్రం ఎక్కడ తెగినా ఫోన్ గుర్తుపట్టదు. ఆ భాగం రాసిందీ నేనే.

చున్నీతో తుడిచాను. పసుపు ఇంకా పాకింది. ఏడుపొచ్చేసింది. కళ్లు తుడుచుకుంటే వేళ్లకి కాటుక అంటింది. ఆ కాటుకే నాలుగు మూలలా గట్టిగా రుద్దాను.

తెర మీద పులస తోక ఆడించింది.

"పాత కోడ్ ఎక్కించాకే వచ్చింది. అయితే ఇతని కోడ్‌దే తప్పా?" అన్నారు జగన్నాథరావు గారు.

"కాదండి. పసుపు పెట్టింది నేను. చూసుకోకుండా ఇతని మీదికి తోసిందీ నేనే. నా పేరే రాసుకోండి."

లోవరాజు నా మొహం చూడలేదు. ఫోన్ మాత్రం దించలేదు.

"సత్యా, నీ వైపే వస్తోంది," అన్నాడు. "ఇద్దరం ఒకేసారి వెయ్యాలి."