పది టైర్ల నీడ

వేసవిలో, ఎడగారు పంట నాట్ల కాలంలో, పొద్దు నడినెత్తికి రాగానే కామాక్షయ్య మోటారు షెడ్డు దగ్గర నుంచి లేస్తాడు. తలకు తువ్వాలు చుట్టుకుని గట్టు మీదికి వచ్చి నిలబడతాడు. అది చూసి కయ్యలో వంగి నాటేస్తున్న ఆడవాళ్లు నడుములు ఎత్తుతారు. చేతుల బురద కడుక్కుని, క్యారేజీలు తీసుకుని, ఒక్కొక్కరే వచ్చి ఆయన నీడలో కూర్చుంటారు.

కామాక్షయ్య నీడ లారీ నీడ. మిగతా వాళ్ల నీడలు పాదాల కిందికి దూరిపోయే వేళలో కూడా ఆయనది పక్కకు నిండుగా పడుతుంది. ముందు క్యాబిన్, వెనక పొడుగాటి బాడీ, పైన బిగించిన పట్టా అంచులతో సహా. రిటైరయ్యే దాకా ఆయన తోలిన పది టైర్ల బండి అది. యజమాని దాన్ని పాత ఇనుముకు అమ్మేసి, గ్యాసు మంటతో ముక్కలు కోయించిన రోజు నుంచి ఇట్లా ఆయన వెంట తిరుగుతోంది. ఊళ్లో దాన్ని చూసి ఆశ్చర్యపోయిన వాళ్లు లేరు. సణిగిన వాళ్లు మాత్రం ఉన్నారు. వడ్లు ఆరబోసిన చోటికి వెళ్తే, "అన్నా, బండి అవతల పెట్టుకో, వడ్లు ఆరనీ" అంటారు. టీ అంగడి ముందు నిలబడితే వెనక వచ్చే ఆటోవాడు అలవాటుగా హారన్ కొడతాడు.

ఆ గట్ల మీద ఒకప్పుడు తాటిచెట్లు ఉండేవి. రొయ్యల గుంటలు తవ్విన వాళ్లు మిషన్లకు అడ్డమని కూల్చేశారు. కూల్చిన వాడు చల్లటి కారులో వచ్చి చల్లటి కారులో పోతాడు. నడుం వంచి నాటేసే ఆడదానికి మాత్రం తల దాచుకునే జాగా లేదు. మైపాడు వైపు నుంచి సముద్రపు గాలి తిరిగేదాకా ఆ కూలీలకు ఉన్న నీడ కామాక్షయ్య ఒక్కడిదే. ఆ నీడ ఇచ్చేవాడు ఎండలో నిలబడే ఉండాలి. ఆయన కూర్చుంటే నీడ కూడా టైర్లు పంక్చరైన బండిలాగా నేలకు చతికిలబడుతుంది. క్యాబిన్ అసలు కనబడదు.

పద్మనాభయ్య, పెంచలకృష్ణ కూడా లారీలు తోలి మానుకున్న వాళ్లే. పక్కపక్కనే తలా కొంచెం మడి పెట్టుకున్నారు. మధ్యాహ్నం అయ్యేసరికి వాళ్లూ వచ్చి వెనక టైర్ల దగ్గర చేరతారు.

"ఒరే కామాక్షీ, రవ్వంత రివర్స్ తీసుకోరా. నా కాలు ఎండలో ఉండాది" అన్నాడు పద్మనాభయ్య.

"నీ కాలే లోపలికి తీసుకో. బండి నిలబెట్టినాక నేను కదిలించను."

"కలకత్తా దాకా తోలినోడివి, జానెడు కదిలించలేవా?"

"కదిలించమని చెప్పమాకబ్బా" అన్నాడు పెంచలకృష్ణ, మజ్జిగ మిరపకాయ కొరుకుతూ. "వీడి రివర్స్ నేను చూసినా. రెబెక్కమ్మ క్యారేజీ మీద ఎక్కిస్తాడు."

కూలీల ముఠా మేస్త్రి రెబెక్కమ్మ మూత తీస్తున్నదల్లా ఆగింది. "మీ ముగ్గురికీ లైసెన్సులిచ్చిన మహానుభావుడు యాడుండాడో చెప్పండి. తీసుకొచ్చి మధ్యాహ్నం దాకా నాటేయిస్తా."

ఆడవాళ్లంతా నవ్వారు. మాలకొండమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆమె క్యాబిన్ దగ్గర, ఎడమవైపు సీటు పక్కన కూర్చుని ఉంది. ఆ చోట ఇంకెవరూ కూర్చోరు. అక్కడ, నీడలో, కిటికీ మీద మోచెయ్యి ఆనించుకుని ఒక కుర్రవాడి తల ఉంటుంది. ఒత్తయిన రింగుల జుట్టు. అది ఆమె కొడుకు చిన్నపోలయ్య, ఆ బండి క్లీనర్.

మాలకొండమ్మ మూత తీసి, మొదటి ముద్ద ఆ మోచేతి పక్కన పెడుతుంది. తర్వాత తను తింటుంది. కాకులు వాలితే రెబెక్కమ్మ మట్టిబెడ్డ విసిరి తరుముతుంది. ఆ ముద్దను కాకి ముట్టుకుంటే పిల్లవాడు పోయాడని ఒప్పుకున్నట్టే. ఊళ్లో ఎవరూ దానికి సిద్ధంగా లేరు, ఎందుకంటే మాలకొండమ్మ సిద్ధంగా లేదు. శవం దొరకలేదు. కర్మ చెయ్యలేదు.

జరిగిందేమిటో అందరికీ తెలుసు. తుఫాను వానలో నాయుడుపేట అవతల ఒక వాగు చప్టా మీద పొర్లుతోంది. అట్లాంటప్పుడు క్లీనర్ దిగి, చేతికర్రతో లోతు చూసుకుంటూ ముందు నడవాలి. రోడ్డు అంచు ఎక్కడుందో అతను చూపిస్తే డ్రైవర్ వెనకాల బండి పోనిస్తాడు. ఆ దారిన పోయే బండ్లన్నీ అట్లానే దాటేవి. కామాక్షయ్య "దిగరా పోలిగా" అన్నాడు. పోలయ్య దిగాడు. చప్టా నడుమకు పోయి, వెనక్కి తిరిగి, రమ్మని చెయ్యి ఊపాడు. ఊపిన చెయ్యే ఆఖరు.

కామాక్షయ్యను ఎవరూ తప్పు పట్టలేదు. మాలకొండమ్మ కూడా పట్టలేదు. కానీ ఆనాటి నుంచి ఆయన నోట "దిగు" అనే మాట రాలేదు. మనవడు గోడెక్కితే "కిందికి రా" అంటాడు. బస్సులో భార్య మహాలక్ష్మిని లేపేటప్పుడు భుజం తడతాడు, అంతే. క్లీనర్ అన్నవాడు డ్రైవర్ చెప్పకుండా బండి దిగడు. అందుకే నీడలో పోలయ్య ఇన్నేళ్లుగా ఆ సీట్లోనే ఉన్నాడు.

ఒకరికి నీడనివ్వడం గొప్ప పుణ్యమని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లను మే నెల ఎండలో ఒక్కపూట ఆ గట్టు మీద నిలబెట్టాలి. కామాక్షయ్యకు ఆ ఏడు ఉగాది దాటినప్పటి నుంచే ఆయాసం మొదలైంది. పాదాలు వాచాయి. నెల్లూరు డాక్టరు ఎండలో నిలబడొద్దన్నాడు. ఆయన సరేనని తలూపి, మర్నాడు తువ్వాలు చుట్టుకుని గట్టెక్కాడు.

గాలి బొత్తిగా ఆడని ఒక రోజు, ఆయనకంటే ముందు ఆయన నీడ తూగింది. దాన్ని పద్మనాభయ్య చూశాడు. జీవితమంతా రోడ్డు మీద గడిపిన వాడికి లోడు బండి అదుపు తప్పే క్షణం తెలుస్తుంది.

"లేవండమ్మో! లేవండి! బండి పడతా ఉండాది!"

ఆడవాళ్లు క్యారేజీలు వదిలేసి కయ్యలోకి దూకారు. కామాక్షయ్య ఛాతీ పట్టుకుని మోకాళ్ల మీద కూలిపోయాడు. లారీ నీడ ఎడమవైపుకు ఒరిగి, చప్పుడు లేకుండా నేల మీద బోల్తా పడింది. మాలకొండమ్మ మాత్రం లేవలేదు. రెండు చేతులూ నేల మీద పరిచి, దాన్ని ఆపబోతున్నట్టు అట్లాగే వంగిపోయింది.

"నా బిడ్డ లోపలుండాడు" అని అరిచింది. "నా బిడ్డ లోపలుండాడు, తియ్యండి!"

ఎవరు తీస్తారు? నీడకు తలుపు ఎక్కడ? పెంచలకృష్ణ, రెబెక్కమ్మ కలిసి కామాక్షయ్యను ఆటోలో వేశారు. మైపాడు రోడ్డు మీద ఆటో నెల్లూరికి పోతుంటే, బోల్తాపడిన లారీ నీడ దాని వెనక ఈడ్చుకుంటూ పోయింది. ఎదురొచ్చిన బండ్లు రోడ్డు పక్కకు తప్పుకుని దారి ఇచ్చాయి.

ప్రాణం దక్కింది. డాక్టరు ఈసారి మహాలక్ష్మిని పిలిచి చెప్పాడు. గుండె సగం బలంతోనే కొట్టుకుంటోంది. మళ్లీ ఎండలో పడితే ఆసుపత్రి దాకా రావడం ఉండదు.

ఇంటికి తెచ్చిన కొన్నాళ్లకే ఆయన తువ్వాలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"యాడికి?" అంది మహాలక్ష్మి, గడపకు అడ్డంగా నిలబడి.

"గట్టు దాకా."

"నీకేమన్నా బుద్ధుండాదా?"

"నేను నిలబడకపోతే ఆ పిలగాడు యాడ కూర్చుంటాడే?"

మహాలక్ష్మి బయటికి నడిచింది. తలుపు గొళ్లెం పెట్టి, నేరుగా మాలకొండమ్మ ఇంటికి పోయింది. మాలకొండమ్మ వాకిట్లో చేటలో బియ్యం చెరుగుతోంది.

"అక్కా, నిన్ను ఏనాడూ ఒక మాట అన్లేదు" అంది మహాలక్ష్మి. "నీ బిడ్డ పోయినాడు. ఆ బిడ్డ కోసరం నా మొగుణ్ణి రోజూ ఎండలో నిలబెడతా ఉండావు. ఒకరు పోయింది చాలదా?"

పోయినాడు అనే మాట ఆ వాకిట్లో అంతవరకూ ఎవరూ అనలేదు. మహాలక్ష్మి నోరు చేత్తో మూసుకుంది. మాలకొండమ్మ చేట కింద పెట్టింది.

"నేనాయన్ని నిలబడమని ఒక్కనాడు అడగలేదు మహాలక్ష్మీ" అంది. "వద్దని కూడా అన్లేదు. అదే నేను చేసింది. రేపు ఒక్క పూట రానీ. ఎల్లుండి నుంచి ఆయన నీ ఇంట్లోనే ఉంటాడు."

మర్నాడు మధ్యాహ్నం పద్మనాభయ్య ఒక పక్క, పెంచలకృష్ణ ఒక పక్క పట్టుకుని కామాక్షయ్యను గట్టెక్కించారు. లారీ నీడ మళ్లీ నిటారుగానే పడింది గానీ పలచగా ఉంది. దాని కింద గడ్డిపోచలు కనబడుతున్నాయి. ఎడమ సీట్లో తల అట్లానే ఉంది. ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. ఎవరూ క్యారేజీ మూత తియ్యలేదు.

"ఏంది, ఈరోజు బండి ఎక్కడికీ బయల్దేరదా?" అని పద్మనాభయ్య నవ్వించబోయాడు. ఎవరూ నవ్వలేదు.

మాలకొండమ్మ కూర్చోలేదు. కామాక్షయ్యకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"అన్నా, వాణ్ణి దించు."

కామాక్షయ్య ముఖం పాలిపోయింది. "నావల్ల కాదు మాలకొండమ్మా."

"నువ్వు పోతే నీ నీడ నీతో పోతుంది. దాంట్లో నా బిడ్డ కూడా పోతాడు. అప్పుడు ఎవర్ని అడగాల నేను? దించు."

"అప్పుడూ ఆ మాట నేనే అన్నా. మళ్లీ అంటే? వాడు... లేకుండా పోతే? నీకు ఈ మాత్రం కూడా మిగలదు."

"తల్లిని నేను. నేనడగతా ఉండా. లేకుండా పోతే నేను ఏడుస్తా. ఇన్నాళ్లూ అది కూడా చెయ్యలేదన్నా, నువ్వు అక్కడ నిలబడి ఉండావని."

కామాక్షయ్య పక్కనున్న ఇద్దరి చేతులూ విడిపించుకున్నాడు. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. పెంచలకృష్ణ మళ్లీ పట్టుకోబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. ఎప్పుడో తెల్లవారుజామున సరుకు దించి ఊరి మలుపు తిరిగేటప్పుడు, పక్క సీట్లో నిద్రపోతున్న కుర్రవాణ్ణి లేపే గొంతుతో, చాలా మెల్లగా అన్నాడు.

"పోలిగా. ఊరొచ్చింది. దిగరా."

నీడలో ఎడమవైపు తలుపు తెరుచుకుంది.

ముందు ఒక కాలు కిందికి వచ్చింది, తర్వాత రెండోది. సన్నటి కుర్రవాడి నీడ గట్టు మీద నిలబడింది. దాని పక్కన మనిషి లేడు. అది నేరుగా తల్లి దగ్గరికి పోలేదు. క్లీనర్లు చేసే పద్ధతిలో బండి చుట్టూ తిరిగింది. ఒక్కో టైరు దగ్గర వంగి, తట్టి చూసింది. పట్టా తాడు లాగి చూసింది. తిరిగొచ్చి డ్రైవర్ కిటికీ కింద ఆగింది, ఇంకా ఏమన్నా చెప్తాడేమోనని.

"అంతా బాగుందిలేరా" అన్నాడు కామాక్షయ్య. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. "ఇంక అమ్మెంబడి పో."

ఆ నీడ జరిగి మాలకొండమ్మ నీడ పక్కన నిలబడింది. ఇంజన్ ఆపినప్పుడు బండి ఒకసారి వణుకుతుంది. లారీ నీడ అట్లా వణికింది. ఆ తర్వాత గట్టు మీద ఎండ తప్ప ఏమీ లేదు. ఆడవాళ్ల తలలు, వీపులు, క్యారేజీల మూతలు ఒక్కసారిగా భగ్గుమన్నాయి. కామాక్షయ్య పాదాల కింద ఒక ముసలివాడి చిన్న నీడ పడి ఉంది. ఆయన దాన్ని ఎవరిదో అన్నట్టు చూశాడు.

"కూర్చోరా" అన్నాడు పద్మనాభయ్య. తన తువ్వాలు తీసి ఆయన తల మీద పట్టాడు. "ఇంక కూర్చో."

కామాక్షయ్య కూర్చున్నాడు. రెబెక్కమ్మ తన క్యారేజీ విప్పి, చద్దన్నం ముద్ద కలిపి ఆయన చేతిలో పెట్టింది. మిగతా ఆడవాళ్లు చీర కొంగులు తలల మీదికి లాక్కుని తినడం మొదలుపెట్టారు.

మాలకొండమ్మ వంగి ఆ కుర్రవాడి నీడ కాళ్ల వైపు చూసింది.

"చెప్పులు బండ్లో వదిలేసి దిగినావేరా?" అంది. "కాళ్లు కాలవా?"

ఆమె క్యారేజీ తీసుకుని బయల్దేరింది. పక్కన ఆమెకంటే తలంత ఎత్తుగా రెండో నీడ నడిచింది. గట్టు చివర కాలవ ఉంది. దాన్ని దాటితే అవతల ఆమె ఇల్లే. మోకాలి లోతు కూడా లేని నీళ్లు, రోజూ చీర ఎత్తి పట్టుకుని దాటే నీళ్లే. కాలవ అంచు దాకా పోయి ఆమె ఆగింది. నీళ్ల వైపు చూసింది. పక్కనున్న నీడ అప్పుడే ఒక అడుగు ముందుకు వెయ్యబోతోంది.

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. వెనక్కి తిరిగి, రోడ్డు మీదుగా ఊరంతా చుట్టి, ఆ ఎండలో ఇంటికి నడిచిపోయింది.