మేనత్త కట్టిన చాప

లిసియాటే హోపోవాటే ఇంట్లో సోఫాలో కూర్చుని గంట దాటింది. పసిఫిక్ దీవుల్లోని టోంగాలో, కోలోవై ఊళ్లో పుట్టి, పదిహేడేళ్లకు హవాయి కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడడానికి వెళ్లి, మోకాలు విరిగాక కోచ్ అయి, ఆరు కాలేజీలు తిరిగి యూటా చేరినవాడు. నాలుగేళ్లలో ఉద్యోగం నుంచి విరమిస్తాడు. ఈలోగా తన టోంగావాళ్లలో ఒక్కణ్ణయినా ఆటగాడిగా చేతులారా తయారు చేయాలని ఆశ. ఆ ఒక్కడూ ఈ ఇంటి పిల్లవాడు ఫిలిపే.

పిల్లవాణ్ణి తన కాలేజీ జట్టుకి పంపమని అడిగాడు. అక్కడి చదువు గురించి చెప్పాడు, తిండి గురించి చెప్పాడు. తండ్రి హోపోవాటే అన్నిటికీ తలూపి, "చూద్దాం కోచ్" అన్నాడు. తల్లిదీ అదే పాట. లిసియాటేకి చిర్రెత్తుకొచ్చింది.

అప్పుడు కంటబడింది, కిటికీ పక్క పెద్ద కుర్చీలో విసనకర్రతో విసురుకుంటున్న ముసలమ్మ. హోపోవాటే అక్క లోసలినే. అంటే, పిల్లవాడి మేనత్త! ఆమె సరేననకుండా టోంగా ఇంట్లో ఏ పిల్లవాడూ గడప దాటడు. ముప్పై తొమ్మిదేళ్లు పరాయి ఇళ్లలో అమ్మానాన్నలనే బతిమాలి బతిమాలి, తన ఇంటి మర్యాదే మరిచాడు.

గబగబా కారు దగ్గరికి వెళ్లి, సంచిలోంచి, పెద్దల ముందు మర్యాదకి టోంగావాళ్లు నడుముకి చుట్టుకునే పాత చాప తీసి, ప్యాంటు మీదే చుట్టుకుని వచ్చి ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"ఇందాకట్నుంచి గోడలకి చెప్పావా నాయనా?"

"బుద్ధి గడ్డి తిందత్తా."

ఆమె చాప అంచు తడిమింది. "ఎవరిదిది?"

"మా మేనత్త సలోమేది. నేను బయల్దేరిన పొద్దున తన నడుముది విప్పి నాకు కట్టింది."

ఆ పొద్దున కళ్ల ముందుకొచ్చింది. గబ్బిలాలు వేలాడే చెట్ల కింద అత్త ముడి బిగిస్తూ ఏడుస్తూనే తిట్టింది. కొబ్బరినూనె వాసన ఇప్పటికీ చాపను వదల్లేదు. ఆ తిట్లు మళ్లీ వినాలనిపించింది.

"సలోమే పోయిందని విన్నాను. అప్పుడు పొయ్యిల దగ్గరున్నావా?"

మేనత్త పోతే చింకి చాప కట్టుకుని, పెరట్లో పొయ్యిల దగ్గర, చావుకి వచ్చినవాళ్లకి వండాల్సింది మేనల్లుళ్లే. లిసియాటే తల దించుకున్నాడు.

"ఆ శనివారం ఆట ఉందత్తా."

"గెలిచారా?"

"గెలిచాం."

విసనకర్ర ఆగింది.

"ఫిలిపేని తీసుకెళ్లు," అంది చివరికి. "నేను పోయిన రోజు మాత్రం, ఎంత పెద్ద ఆటున్నా వాణ్ణి పంపెయ్యాలి. మాటివ్వు."

లిసియాటే ఆమె చేతిలో చెయ్యి వేశాడు.

"పంపడమెందుకత్తా, నేనే తీసుకొస్తా. వాడి పక్కన పొయ్యి దగ్గర నేనూ నిలబడతా."