సిమెంటు ఇటుక తేల్చిన రంగు

కుమాసి నగరంలో, బంతామా పేటలో ఉండే కొనాడు అమ్మమ్మకు ఎనభయ్యో పుట్టినరోజు దగ్గరపడింది. ఆ వేడుకకు, పోయిన తాత తీసిన పాత ఫొటోలతో గోడంత బ్యానరు వేయించాలని మనవరాలు దుఫియె పూనుకుంది. ఆమె హైస్కూల్లో డ్రాయింగు టీచరు. ఫొటోలైతే ఏనాడో పైకప్పు కారి ముద్దయిపోయాయి. నెగటివ్‌లు మాత్రం బిస్కెట్ల డబ్బాలో భద్రంగా ఉన్నాయి. దుఫియె పాత స్కానరొకటి సంపాదించి భోజనాల బల్ల మీద పెట్టింది. వారం రోజులుగా ఇంటిల్లిపాదీ ఫుఫూ ముద్దల గిన్నెలు ఒళ్లో పెట్టుకుని తింటున్నారు.

1984 నాటి చర్చి పంటల పండుగ నెగటివ్‌లు దొరికాయని వినగానే అమ్మమ్మ కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి కూర్చుంది. ఆ పండుగకు తానూ, చెల్లెలు ఆఫ్రకోమా ఇద్దరూ పక్షుల బొమ్మలున్న ఆకుపచ్చ బట్ట కట్టుకోవాలని మాట అనుకున్నారట. తీరా చెల్లెలు అవే పక్షులున్న నీలం బట్టలో దిగిందట. తనను నలుగురిలో చిన్నబుచ్చడానికే అలా చేసిందని అమ్మమ్మ నలభై ఏళ్లుగా చెబుతోంది. పెళ్లిళ్లలో చెప్పింది, చావుల్లో చెప్పింది, ఒకసారి పళ్ల డాక్టరు నోరు తెరవమంటే అతనికీ చెప్పింది. ఆఫ్రకోమా తాను కట్టింది ఆకుపచ్చేనని కొన్నేళ్లు వాదించి, విసిగి ఊరుకుంది.

దుఫియె రెండు నెగటివ్‌లూ స్కానరులో పెట్టి, రంగులు దానంతటదే సరిచేసే మీట నొక్కింది. ఎర్రమట్టి గోడ ముందు నిలబడ్డ అమ్మమ్మ ఆకుపచ్చ బట్టలో కనిపించింది. అరటిచెట్ల మధ్య నిలబడ్డ ఆఫ్రకోమా నీలం బట్టలో కనిపించింది.

అమ్మమ్మ లేచి నిలబడింది. "చూశావా? ఇదిగో, మిషనుకు నా మీద ప్రేమా? దాని మీద పగా? ఉన్నదే చెప్పింది."

సాయంత్రానికల్లా ఆ మాట పేటంతా పాకింది. ఆఫ్రకోమా దర్జీ పని చేస్తుంది. పుట్టినరోజుకు ఇంటిల్లిపాది బట్టలూ ఆమే కుడుతోంది. మర్నాడు సగం కుట్టిన బట్టల మూట తిరిగొచ్చింది. ఆకుపచ్చకూ నీలానికీ తేడా తెలియనిదాన్ని, నేను కుడితే మీకే అప్రతిష్ఠ అని కబురు కూడా పంపింది.

దుఫియె మూట విప్పి లెక్కపెట్టింది. ఎనిమిది గౌన్లు, నాలుగు చొక్కాలు సగంలో ఉన్నాయి. మళ్లీ ఫొటోల ముందు కూర్చుని చూస్తే, చిన్నమ్మమ్మ ముఖం వంకాయ రంగులో ఉంది. అరటాకులు బూడిద రంగులో ఉన్నాయి. అమ్మమ్మ వెనకున్న ఎర్రగోడ వెలిసిపోయినట్టుంది. అప్పుడు అర్థమైంది. ఎరుపు ఎక్కువున్న ఫొటోలో మిషను ఎరుపు తగ్గించింది, పచ్చదనం ఎక్కువున్న ఫొటోలో పచ్చదనం తగ్గించింది. బట్టలు కూడా వాటితో పాటే మారిపోయాయి.

ఆ మీట కట్టేసింది. రెండు ఫొటోల మధ్య ఖాళీ పట్టీలో ఫిల్ముకు సహజంగా ఉండే నారింజ రంగును కొలిచి, దాన్ని రెండింటి నుంచీ ఒకేలా తీసేసింది. ఇక బొమ్మలో రంగు లేని వస్తువేదైనా ఉంటే, దాన్ని బట్టి మిగతావి నిలబెట్టవచ్చు. పాస్టరుగారి తెల్ల అంగీ ఉంది గానీ, పాస్టరమ్మ దానికి నీలిమందు దండిగా పెట్టేదని ఊరంతా ఎరుగుదురు. అప్పుడామె కంటికి రెండు ఫొటోల్లోనూ ఓ మూలనున్న సిమెంటు ఇటుకల గుట్ట ఆనింది. చర్చి హాలు కట్టడానికని ఆ ఏడే తెప్పించిన ఇటుకలు. హాలు ఇప్పటికీ లేవలేదు.

దుఫియె చర్చికి వెళ్లి గుట్టలోంచి ఒక ఇటుక లాగింది. కాపలాదారు ఎందుకని అడిగితే, రంగు చూడ్డానికని చెప్పింది.

"తీసుకెళ్లు తల్లీ," అన్నాడతను. "నలభై ఏళ్లకు ఒక ఇటుకైనా కదిలింది."

నాచు గీకేసి, ఆ ఇటుకను వసారాలో కంప్యూటరు పక్కన నీడలో పెట్టింది. తెర మీది ఇటుక, పక్కనున్న ఇటుక ఒకేలా కనిపించేదాకా సరిచేసింది. ముఖాలకు ముఖాల రంగొచ్చింది. ఆకులు ఆకులయ్యాయి. బట్టల వంక మరోసారి చూసింది. తర్వాత వెళ్లి చిన్నమ్మమ్మను బతిమాలి వెంటబెట్టుకొచ్చింది.

అక్కచెల్లెళ్లిద్దరూ తెర ముందు కూర్చున్నారు. ఆఫ్రకోమా ఆకుపచ్చ బట్టలో ఉంది. నీలం బట్టలో ఉన్నది కొనాడు అమ్మమ్మ.

అమ్మమ్మ కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది. "మీ తాతకు ఫొటో తీయడం ఎప్పుడు చేతనయింది గనక," అంది.

దుఫియె ఇటుక చూపించింది. అమ్మమ్మ ఇటుకను చూసింది, తెరను చూసింది, ఇటుకను చేత్తో తడిమింది. గొంతు తగ్గించి, ఆ పొద్దున జరిగింది చెప్పింది. పామాయిల్ గింజల పులుసు దించుతుంటే ఆకుపచ్చ బట్ట మీద ఒలికింది. గంటలు మోగుతున్నాయని కంగారులో అమ్మ పెట్టెలోంచి అవే పక్షులున్న బట్ట, రంగైనా చూసుకోకుండా లాగి చుట్టుకుంది. చర్చిలో చెల్లెలి బట్ట తనదానితో కలవకపోయేసరికి ఒళ్లు మండింది. తర్వాత మనసులో మిగిలింది ఆ మంటే, పులుసు సంగతి మరిచేపోయింది.

"నువ్వు నీలంలో వచ్చావని నాకు ఎప్పుడూ గుర్తే అక్కా," అంది ఆఫ్రకోమా.

"మరి నలభై ఏళ్లూ చెప్పలేదేమే?"

"నన్ను మాట్లాడనిస్తేగా. నాది పచ్చ అనేలోపే నువ్వు ఏడుపందుకునేదానివి. నీది నీలం అంటే ఇంకేం చేసేదానివో."

అమ్మమ్మ చెల్లెలి మోకాలి మీద చెయ్యి వేసింది. తీయలేదు. అలాగే దుఫియె వైపు తిరిగి, బ్యానరు మీద తన బట్టను కూడా ఆకుపచ్చ చేసేయడం కుదురుతుందా అని మెల్లగా అడిగింది.

"అక్కర్లేదు," అంది ఆఫ్రకోమా. "అమ్మ బట్ట అది. ఇన్నేళ్లకు మళ్లీ చూశాను, ఉండనీ."

వెళ్తూ వెళ్తూ ఆమె బట్టల మూట మళ్లీ పట్టుకెళ్లింది. బ్యానరు మీద ఇద్దరూ పక్కపక్కనే వచ్చారు, ఒకరు నీలంలో, ఒకరు ఆకుపచ్చలో. పెద్దది గనక తన ఫొటో అంగుళం పైన ఉండాలని మాత్రం అమ్మమ్మ పట్టుబట్టింది. దుఫియె అరంగుళానికి ఒప్పించింది.