వెనక గేటు

ఆ ఇంటి ప్రకటనలో వంటగది గురించి ఒక్క ముక్క లేదు. గోడల చెమ్మ గురించైతే అసలే లేదు. "రోవన్‌గార్త్ బడి వెనక గేటుకి ఎనభై ఆరు మీటర్లు" అని మాత్రం పెద్ద అక్షరాలతో వేశారు. లియాన్ హోల్రాయిడ్‌కి అది చాలు.

ఇంగ్లండులోని ఆ లీడ్స్ నగరంలో ఆ బడి కోసం జనం కొట్టుకు చస్తారు. దగ్గరగా ఉన్నవాళ్లకే సీటు. కిందటేడు చివరి సీటు మూడువందల రెండు మీటర్ల దూరంలో ఉన్న పిల్లాడికి దక్కింది. ఆ తర్వాతి గుమ్మంలో ఉన్నవాళ్ల పిల్ల ఎంత చురుకైనదైనా సరే, దండం పెట్టి పంపించేశారు.

అందుకే ఊరికి అటు చివరనున్న తమ మూడు పడగ్గదుల ఇల్లు, పెరడుతో సహా అమ్మేశారు. లాండ్రీ షాపు పైనున్న ఈ రెండు గదులకి ఆ డబ్బు చాలక, లియాన్ తల్లి దాచుకున్నది కూడా ఊడ్చి పెట్టారు. పెరట్లో లియాన్ భర్త డారెన్ పెంచుకునే ఇరవై రెండు పందెం పావురాలు ఎవరెవరికో వెళ్లిపోయాయి.

"వచ్చే ఏడు బడికెళ్లే మూడేళ్ల పిల్లకి ఇంత హడావుడి అవసరమా?" అన్నాడు డారెన్, ఖాళీ బుట్టలు సర్దుతూ.

"నా బడిలో నేనున్నానో లేదో కూడా ఎవరూ చూడలేదు డారెన్. పదహారేళ్లకే దుకాణం కౌంటర్ వెనక నిలబడ్డాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. మన టిల్లీకి ఆ గతి పట్టనివ్వను. చచ్చినా పట్టనివ్వను."

అతను ఇంకో బుట్ట అందుకున్నాడు. పావురాలంటే అతనికి ప్రాణం. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ఆగస్టులో దిగారు. సెప్టెంబరులో బడి తెరవగానే సందంతా పిల్లల్ని దింపే కార్లే. పొద్దున్న తలుపు తీస్తే ఎదురుగా ఎవరిదో బండి, దాని హారన్, లోపల ఏడుస్తున్న పిల్ల. లాండ్రీ షాపు వెనక, కింది వాటాలో ఉండే ఆడ్రీ పికర్స్‌గిల్ ముప్పై ఏళ్లుగా ఈ గోల భరిస్తోందట. వెనక గేటు మూయించాలని ఆవిడ నగర కౌన్సిల్‌కి అర్జీ రాసి పెట్టుకుంది గానీ, మోకాళ్ల నొప్పులతో సంతకాల కోసం ఇల్లిల్లూ తిరగలేకపోయింది.

"ఇలా ఇవ్వండి ఆడ్రీ గారూ, నేను తిరుగుతాను," అంది లియాన్.

"బంగారు తల్లివమ్మా. వచ్చి నెల కాలేదు, ఎన్నాళ్లుగానో ఇక్కడున్నట్టే ఉన్నావు."

ఆ ఒక్క మాటకే లియాన్ పొంగిపోయింది. పైగా ఆ కార్లవాళ్లని చూస్తే ఆమెకి ఒళ్లు మంట. చిరునామా ఇక్కడ, కాపురం ఇంకెక్కడో! మేం ఇల్లూ వాకిలీ అమ్ముకుని వచ్చాం, వీళ్లేమో ఏడాదిపాటు ఓ గది అద్దెకి తీసుకుని సీటు కొట్టేస్తారా? మొదటి సంతకం తనే పెట్టి, నాలుగు సాయంత్రాలు తిరిగి నలభై ఒక్క సంతకాలు పోగుచేసింది.

"అప్పుడే వీధికి పెద్దరికమా?" అని నవ్వాడు డారెన్. నవ్వుతూనే తనూ ఓ సంతకం గీకాడు.

క్రిస్మస్‌కి గేటుకి తాళం పడింది. సందు నిద్రపోతున్నట్టు ప్రశాంతంగా మారింది.

ఏప్రిల్‌లో సీట్ల ఉత్తరం వచ్చింది. రోవన్‌గార్త్ కాదు. వాళ్లు వదిలేసి వచ్చిన ఇంటి వీధి చివర, ఎవరూ అడగని సీట్లు మిగిలిపోయిన ఆ పాత బడి. లియాన్ చదివిన బడి.

ఆమె కౌన్సిల్‌కి ఫోన్ చేసింది. "ఎక్కడో పొరపాటు జరిగిందండీ. మాది ఎనభై ఆరు మీటర్లు."

"తెరిచి ఉన్న గేటు వరకూ, నడిచే దారిలో కొలుస్తామండీ," అన్నాడు గుమస్తా. "మీ తలుపు నుంచి ముందు గేటుకి ఐదువందల డెబ్భై. ఈ ఏడు చివరి సీటు మూడువందల పది దగ్గర ఆగిపోయింది."

"మరి వెనక గేటు?"

"అది మూసేశారు కదా. ఆ సందు వాళ్లే అర్జీ పెట్టారు. ఇదిగో, మొదటి సంతకం..." అతను ఆగాడు. "ఇది మీ చిరునామాయేనండీ."

ఆమె ఫోన్ పెట్టేసింది.

అప్పీలు పెట్టారు, ఓడిపోయారు. అమ్మేసి మరో ఇల్లు చూద్దామని తమకి ఆ ఇల్లు అమ్మిపెట్టిన ఏజెంటునే పిలిస్తే, అతను కూర్చోను కూడా కూర్చోలేదు. "అప్పుడంటే అది గేటు పక్క ఇల్లండీ. ఇప్పుడు లాండ్రీ పైన రెండు గదులు, అంతే," అంటూ వాళ్లు కొన్న ధరలో సగానికి కాస్త ఎక్కువ చెప్పాడు.

ఆ సాయంత్రం లియాన్ వంటగదిలో వెక్కి వెక్కి ఏడ్చింది. "నా చేతులారా చేశాను డారెన్. నన్ను తిట్టు. ఒక్క మాటైనా తిట్టు."

అతను తిట్టలేదు. తిడితే బాగుండేది. "మన పావురాల్లో రెండు, అమ్మిన రోజే పాత ఇంటికి తిరిగొచ్చేశాయట," అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "టిల్లీ రెండు బస్సులు మారాలి."

సెప్టెంబరులో బడి మొదటి రోజు. ఏడింటికే టిల్లీని తయారుచేసి, చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది లియాన్. కింద ఆడ్రీ తలుపు తీసుకుని ఎదురుచూస్తోంది, చేతిలో ఓ పళ్లెం, అందులో యాపిళ్లు కూరి కాల్చిన వేడి వేడి పై.

"నీ కోసమే చేశానమ్మా. ముప్పై ఏళ్లలో ఇలాంటి పొద్దు ఎరగను. విను, ఒక్క పిల్ల గొంతైనా వినపడుతోందా?"

టిల్లీ ఏదో చెప్పబోయింది. లియాన్ ఆ చిన్న చేతిని గట్టిగా నొక్కింది. ఇంకో చేత్తో పళ్లెం అందుకుని, థాంక్స్ చెప్పి, బస్సుకి నడిచింది.