మువ్వలో చిక్కిన పూస

నేను ఒక ప్లాస్టిక్ పూసను. ఆవగింజలో సగం కూడా ఉండను. నేల మీద చూస్తే మట్టిరవ్వ అనుకుని చీపురుతో తోసేస్తారు. కానీ నా లోపల లెక్కలేనన్ని గదులున్నాయి. ఒక్కదానికీ తలుపు లేదు.

అవి ఎవరో కట్టిన గదులు కావు. వెళ్ళిపోయినవాళ్ళు మిగిల్చినవి. మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు హైమవతి, ప్లాస్టిక్ కాబోయే పాకంలో ఒక నూనె కలిపి నీళ్ళలో గిలకొట్టింది. పాకం బొట్లుబొట్లుగా గట్టిపడింది. అందులో ఒక బొట్టును నేను. తర్వాత నాలోని నూనెను కడిగి బయటికి పంపేసింది. అది ఉన్న చోటల్లా ఖాళీ మిగిలింది. మీరు ఇల్లు కట్టి మనుషుల్ని తెచ్చుకుంటారు. నాకు మనుషులు పోయాకే ఇల్లు మిగిలింది.

ఆ ఖాళీల్లోకి పల్లాడియం అనే లోహపు లవణాన్ని నీళ్ళలో కరిగించి ఇంకించింది. గదిగదిలో ఆ లోహపు నలుసులు పుట్టాయి. గది ఎంతో నలుసు అంత, అంతకు మించి పెరగలేదు. అలా చిన్నగా ఉన్నంతకాలమే అవి పనిచేస్తాయి. హైడ్రోజన్ గాలిని పట్టి మందు సరుకుకు అంటిస్తాయి. చిన్నపిల్లల మూర్ఛకు మందట. బయటపడ్డాయంటే ఒకదాన్నొకటి వెతుక్కుని ముద్దవుతాయి. ముద్ద లోపల చిక్కినవి ఎందుకూ పనికిరావు. అందుకే నేను గోడలు బిగబట్టుకుని కూర్చునేదాన్ని.

మమ్మల్ని చూసుకునేది నూకరత్నం. ఇంకా చిన్న వయసే. మొదటి బిడ్డ జ్వరంతో పోయాక పుట్టిన పిల్లకు, చావు కన్ను పడకుండా పెంటమ్మ అని పేరు పెట్టుకుంది. ఎటు పోయినా వినబడాలని కాళ్ళకు మువ్వల పట్టీలు వేసింది. పిల్ల ఇంటి దగ్గరున్నా, ఇక్కడ పనిచేస్తూ మువ్వ వినబడినట్టు ఉలిక్కిపడి తల తిప్పేది.

"రత్నం, వీటిమీద నీళ్ళు ఆరనివ్వకు. పనిచేసిన పూసలు ఎండితే వాటంతట అవే అంటుకుంటాయి," అని హైమవతి చెప్పింది.

"నాకు తెల్దేటి మేడమ్? పసిబిడ్డల్లాగ తడిగుడ్డలో సుట్టి ఉంచుతాను."

ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు లోపలికి పిల్లాపాపల్ని రానిస్తారు; నూకరత్నం పెంటమ్మను తెచ్చుకుంది. యంత్రాలను కడిగి, తుడిచి, పసుపు రాసి బొట్టు పెడతారు. హారతి, అగరొత్తి మాత్రం వద్దన్నారు. హైమవతి అందరి జేబులూ వెతికించి అగ్గిపెట్టెలు బయట పెట్టించింది. మంట బయటినుంచే వస్తుందని మనుషుల నమ్మకం.

మేముండే పాత్ర కడగడానికి మమ్మల్ని స్టీలు పళ్ళెంలోకి తీశారు. నూకరత్నం మా మీది తడిగుడ్డ తీసేసింది.

"అదేటే, గుడ్డ తీసీసినావు?" అంది తోటి పనామె అసిరమ్మ.

"బొట్టెట్టొద్దేటి? ఏడాదంతా పంజేసింది ఈళ్ళే కదప్పా. తడిమీద కుంకం నిలవదు. పూజవగానే మల్లా సుట్టీస్తాను."

"నీ బక్తి తగలెయ్య! పూసలకీ బొట్టేటే!"

నవ్వుకున్నారు. నూకరత్నం నీళ్ళు వంచేసి, మమ్మల్ని ఫ్యాను కింద ఆరబెట్టి, బొట్టు పెట్టి, చుట్టూ బంతిపూలు పేర్చింది. హైమవతి చూసింది. ఏదో అనబోయి, చేతులు జోడించినవాళ్ళందరినీ చూసి ఆగిపోయింది. పూజ ఎంతసేపులే అనుకుంది కాబోలు, తనూ చేతులు జోడించింది.

నాలో నిన్నటి హైడ్రోజన్ ఇంకా ఉంది. గాలి తగిలి నలుసులు వేడెక్కాయి. నా గోడలు మెత్తబడ్డాయి. ఒక నలుసు పక్కగదిలోకి జారింది. దాని వెనక ఇంకొకటి. ఆగమన్నాను. నా మాట నాకే వినబడలేదు. పళ్ళెం మీద పగటి వెలుగులో కనబడని మంట లేచింది. బంతిపూల రెక్కలు ముడుచుకుని నల్లబడుతున్నాయి. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు.

పెంటమ్మ ఒక్కతే కళ్ళు తెరిచి ఉంది. పూలకోసం వచ్చి చెయ్యి చాచింది.

మువ్వ మోగింది.

"ఓలమ్మో, పెంటీ!" నూకరత్నం ఒక చేత్తో పిల్లను లాగి, ఇంకో చేత్తో కలశంలో నీళ్ళు పళ్ళెం మీద కుమ్మరించింది. మేము చుయ్యిమని నలుదిక్కులా చిందాం. పిల్ల వేలికొన బొబ్బెక్కింది, అంతే.

"నానే... నా సేతుల్తోనే పూలెట్టి సావుని పిలిసినానమ్మా," అని నూకరత్నం నేలమీద కూలబడింది. హైమవతి పక్కన పడున్న తడిగుడ్డ తెచ్చి పిల్ల వేలికి చుట్టింది.

మిగిలిన పూసల్ని ఊడ్చి, కాల్చి లోహం తీసుకోడానికి పంపేశారు. నేను మాత్రం కుంకుమ నీళ్ళతో పాటు పెంటమ్మ పట్టీలోకి, ఒక మువ్వ చీలికలోకి జారి, లోపలి గుండుకూ గోడకూ మధ్య ఇరుక్కున్నాను. నా గదుల్లో ఇప్పుడు ఎవరూ లేరు. ఒక మూల చల్లారిన ముద్ద ఒకటుంది. పిల్ల పరుగెత్తినప్పుడు మిగతా మువ్వల మోత వచ్చి ఆ ఖాళీల్లో తిరుగుతుంది, ఎవరినో వెతుకుతున్నట్టు.

నూకరత్నం రోజూ ఒక్కో మువ్వనూ చెవి దగ్గర ఆడించి చూస్తుంది. నా దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. "ఇదేటే, ఇది పలకదు?"

"తీసేసి కొత్తది ఏయించీ," అంటుంది అసిరమ్మ.

"వద్దప్పా. ఆ దినం మోగింది ఇదే."

పిల్లకు నీళ్ళు పోశాక ఒళ్ళంతా పొడిగా తుడుస్తుంది. పట్టీల దాకా వచ్చి చెయ్యి ఆపేస్తుంది. వాటిని తడిగానే వదిలేస్తుంది.